చెరువు కనపడకుండా ఫోటో తీయడం ఎలా?

మన ప్లాట్ల ఏజెంట్లు చదువుకుంటున్నారు. మంచి కబురే కదా అని సంతోషించబోయాను గానీ, ఏం చదువుతున్నారో తెలిశాక ఆ సంతోషాన్ని వాయిదా వేసుకోవాల్సి వచ్చింది. పహాణీ చూడ్డం నేర్చుకుంటున్నారా? అబ్బే. ఈసీలో తనఖా ఎక్కడ రాస్తారో తెలుసుకుంటున్నారా? దానికంత తీరికేదీ! నేర్చుకుంటున్నది వెబ్ డిజైను, ఫోటోగ్రఫీ. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో జావా నేర్చుకుని అమెరికా విమానమెక్కిన తరం ఒకటుంది. వాళ్లు పంపే డాలర్లకి ప్లాట్లు చూపించడానికి అవే సందుల్లో వర్డ్‌ప్రెస్ నేర్చుకుంటున్న తరం ఇది. అవే ప్లాస్టిక్ కుర్చీలు, అదే జిరాక్స్ నోట్సు. సరస్వతి ఉన్నచోట లక్ష్మి ఉండదన్న పెద్దలు అమీర్‌పేట చూడలేదు.

పాత ఏజెంటుకి ఇన్ని విద్యలు అక్కర్లేదు. ఒక బైకు, జేబులో విజిటింగ్ కార్డుల కట్ట, కరెంటు స్తంభానికి వేలాడే ఫ్లెక్సీ చాలు. ఆదివారం పొద్దున్నే కారులో ఎక్కించుకుపోయి, చేతిలో పులిహోర పొట్లం పెట్టి, ఎండలో హద్దురాళ్ల మధ్య నిలబెట్టి, "ఇదుగో సార్, ఇక్కణ్నించే రింగు రోడ్డు పోతుంది" అని గాల్లో చెయ్యి ఊపేవాడు. చెప్పేవి కోతలే. కానీ మట్టి మన చెప్పుల కింద ఉండేది. ఆయన నోటికీ మన కంటికీ పోటీ పెట్టుకోవచ్చు. పక్కనే గొర్రెలు కాసుకునేవాణ్ని పిలిచి "వానాకాలం ఇక్కడ నీళ్లు నిలుస్తాయా?" అని అడగొచ్చు. ఇప్పుడు మట్టి లేదు, కాపరి లేడు, పులిహోర అసలే లేదు. ఉన్నది ఫోటో. మన కన్ను ఓడిపోవడానికి కావలసిన ఏర్పాట్లన్నీ అందులోనే ఉంటాయి.

ముందు ఇంటి లోపలి ఫోటోల సంగతి. ఇప్పటి ఫోన్లలో 0.5 అని ఒక గుండ్రటి మీట ఉంటుంది. నొక్కితే ఎదురుగా దాదాపు 120 డిగ్రీల మేర ఫ్రేములోకి వచ్చి పడుతుంది. ఈ మీట వచ్చిన దగ్గర్నుంచీ హైదరాబాదులో ఇరుకు బెడ్రూములన్నవి లేకుండా పోయాయి. పదడుగుల గదిలో తలుపు మూలకి వీపు ఆనించి, ఫోను ఛాతీ ఎత్తులో పట్టుకుని తీస్తే ఎదుటి గోడ పక్కవీధిలోకి వెళ్లిపోతుంది. దగ్గరున్నది ఉబ్బుతుంది, దూరమున్నది కుంచించుకుపోతుంది, రెండిటి మధ్యా లేని జాగా పుట్టుకొస్తుంది. చదరపు అడుగుకి వేలు పోసే ఊళ్లో జాగాని ఇంత చవగ్గా పుట్టించే యంత్రం ఇంకోటి లేదు.

అయితే ఈ మాయకి ఒక సాక్షి మిగిలిపోతాడు. సీలింగ్ ఫ్యాను. మూడు రెక్కలూ ఒకే పెట్టెలో వచ్చినవే అయినా, ఫ్రేము అంచుకి దగ్గరైన రెక్క మాత్రం కిటికీ దాకా చాచుకుని ఉంటుంది. మంచం మీది దిండ్లు చూడండి. కెమెరా పక్కది పరుపంత, అవతలిది అరచేయంత. ఏజెంటు గారు కూడా ఈ సాక్షిని గమనించారు. అందుకే ఈమధ్య ఫోటోల్లో పైకప్పు కోసేస్తున్నారు. మే నెల ఎండల్లో ఫ్యాను లేని ఇల్లు కొనే ధైర్యవంతులు ఊళ్లో ఇంతమంది ఉన్నారని ఆ ఫోటోలు చూశాకే తెలిసింది.

కిటికీ దగ్గర పనితనం ఇంకా గొప్పది. లోపల చీకటి, బయట ఎండ. ఒక్క క్లిక్కులో రెండూ సరిగ్గా రావు. గదికి సరిపడా వెలుతురు తీసుకుంటే కిటికీ తెల్లగా కాలిపోతుంది, కిటికీకి సరిపెడితే గది బొగ్గవుతుంది. ఇళ్ల ఫోటోలు తీసేవాళ్లు మొదట్లోనే నేర్చుకునే పాఠం ఒకటుంది దీనికి. కెమెరాని స్టాండు మీద కదలకుండా నిలబెట్టి, ఒక ఫోటో తక్కువ వెలుతురుతో, ఒకటి మధ్యస్తంగా, ఒకటి ఎక్కువ వెలుతురుతో తీసి మూడిటినీ కలపడం. హెచ్‌డీఆర్ అంటారు. అప్పుడు గదీ కనిపిస్తుంది, కిటికీ అవతల ఉన్నదీ కనిపిస్తుంది. మనవాడు ఆ పాఠం శ్రద్ధగా విన్నాడు. కిటికీ అవతల మూడడుగుల దూరంలో పక్క అపార్టుమెంటువాళ్ల బాత్రూము గొట్టం ఉన్న సంగతి గుర్తుతెచ్చుకున్నాడు. పాఠాన్ని పక్కనపెట్టి కిటికీని నిండుగా కాల్చేశాడు. కింద "సమృద్ధిగా సహజకాంతి" అని రాశాడు. తప్పుగా తీయడం కూడా తెలిసి చేయాలంటే ఎంత చదువు కావాలి!

ఇల్లయితే గోడలైనా ఉంటాయి. ప్లాటు ఫోటోయే అసలు పరీక్ష, ఎందుకంటే తీయడానికి అక్కడ ఏమీ ఉండదు. ఎర్రమట్టి, సున్నం కొట్టిన రాళ్లు, దూరంగా ఒక తాటిచెట్టు, ముందు ఒక ఆర్చి. మన వెంచర్లలో అన్నిటికంటే ముందు ఆర్చి పుడుతుంది. రోడ్డు, నీళ్లు, కరెంటు వస్తే తర్వాత వస్తాయి. ఇంత ఖాళీని అందంగా చూపించాలంటే ఇక ఆకాశమే దిక్కు. 2020 అక్టోబరులో ఫోటోషాప్‌లోకి ఆకాశం మార్చే మీట వచ్చింది. అంతకుముందు చేయి తిరిగినవాడు ఓపిగ్గా కూర్చుని చేసే పని ఒక్క నొక్కుడుకి దిగింది. అప్పట్నుంచీ షాద్‌నగర్ మీదా, యాదగిరిగుట్ట దారిలోనూ, భోగాపురం పక్కనా ఒకే నారింజరంగు మబ్బు నిలబడి ఉంది. కదలదు, కురవదు. వాతావరణ శాఖ దాని సంగతి ఎందుకు పట్టించుకోదో తెలీదు. పైన సూర్యుడు అస్తమిస్తుంటాడు, కింద హద్దురాళ్ల నీడలు మాత్రం మిట్టమధ్యాహ్నంలాగా వాటి కాళ్లకిందే ఉంటాయి. నింగికీ నేలకీ ఐదారు గంటల తేడా ఉండే వెంచర్లు మనకి తప్ప ఇంకెవరికీ లేవు.

తర్వాత డ్రోను. చిన్న రెక్కల ముచ్చట. పావుకిలో దాటని నానో డ్రోను ఎగరేయడానికి పైలట్ లైసెన్సు కూడా అక్కర్లేదు కాబట్టి ఏజెంటు గారే ఎగరేసేస్తారు. ఆ వీడియోలు చూస్తుంటే నాకొక లెక్క తట్టింది. 2021 డ్రోన్ నియమాల ప్రకారం విమానాశ్రయం ప్రహరీకి 8 కిలోమీటర్ల లోపల ముందస్తు అనుమతి లేకుండా డ్రోను లేపకూడదు. వీడియోలో డ్రోను హాయిగా గిరికీలు కొడుతుంటుంది. వీడియో కింద "ఎయిర్‌పోర్టుకి ఐదే నిమిషాలు" అని మెరుస్తూ ఉంటుంది. ప్రకటన నిజమైతే డ్రోను దొంగది, డ్రోను మంచిదైతే ప్రకటన దొంగది. పోనీ, అనుమతి తెచ్చుకున్నారేమో అంటారా? లేఅవుట్‌కే తెచ్చుకోనివారు!

ఇక ఈ చదువులో పీజీ స్థాయి పాఠం చెరువు. ఫోటోగ్రఫీ నేర్పే పుస్తకాలు ఏ గంటకి వెలుతురు బాగుంటుందో చెబుతాయి. మనవాళ్లు ఒక మెట్టు పైకెక్కి ఏ నెలకి బాగుంటుందో కనిపెట్టారు. మే నెల. ఆ ఎండలకి హైదరాబాదు చుట్టుపక్కల చిన్న చెరువులు అడుగంటి పగుళ్లు తేలుతాయి. గేదెలు మేస్తుంటాయి, పిల్లలు వికెట్లు పాతి క్రికెట్టాడుతుంటారు. డ్రోను పైకి లేపితే ఎటు చూసినా చదునైన నేల. అదే డ్రోనుని సెప్టెంబరులో లేపితే హద్దురాళ్ల తలలు మాత్రమే నీళ్లపైన కనిపిస్తాయి. చెరువు పూర్తిగా నిండితే నీరు ఎక్కడిదాకా వస్తుందో అక్కడ ఒక గీత ఉంటుంది, ఎఫ్‌టీఎల్ అని. ఆ గీత దాటాక కూడా, 2012 నాటి 168 నంబరు జీవో ప్రకారం, పది హెక్టార్లు ఆపైన ఉన్న చెరువుకైతే 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికైతే 9 మీటర్లు వదిలెయ్యాలి. ఈ గీతలు నేల మీద కనపడవు, మ్యాపు మీద ఉంటాయి. కెమెరాకి మ్యాపు కనపడదు. 2024లో ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ యంత్రాలు దిగి ఆ గీతని నేల మీద గీసి చూపించినప్పుడు, చాలామంది కొనుగోలుదారులు తమ చెరువుని మొదటిసారి చూసుకున్నారు.

దీనికి విరుగుడు ఉచితంగానే దొరుకుతుంది. గూగుల్ ఎర్త్‌లో పాత ఉపగ్రహ చిత్రాలు ఏళ్ల వెనక్కి జరుపుకుంటూ చూడొచ్చు. ఏ ఏడు నీరు ఎక్కడిదాకా పాకిందో చాలాసార్లు అక్కడే దొరికిపోతుంది. కావలసిందల్లా సర్వే నంబరు. ఏజెంటు గారి వెబ్‌సైటులో స్విమ్మింగ్ పూల్ ఉంటుంది, యోగా డెక్ ఉంటుంది, సీనియర్ సిటిజన్ కార్నర్ ఉంటుంది, బుద్ధుడి బొమ్మ ఉంటుంది. సర్వే నంబరు ఉండదు.

వెబ్‌సైటు అన్నాను కాబట్టి అందులోకే వెళదాం. తెరవగానే డ్రోను ఫోటో. బొమ్మల బరువు తగ్గించే పాఠం చెప్పిన రోజు మనవాడు కస్టమరుతో బయటికెళ్లి ఉంటాడు, కెమెరాలోంచి దిగింది దిగినట్టే ఎక్కించాడు. అందుకని ముందు ఆకాశం దిగుతుంది, కాసేపటికి ఆర్చి దిగుతుంది, నేల దిగేసరికి మన ఫోను వేడెక్కుతుంది. ఈలోగా తెర మీదికి ఒక పెట్టె దూకి "ధర తెలుసుకోవడానికి మీ నంబరు ఇవ్వండి" అంటుంది. ఇచ్చారా, ధర తెలియదు. మీ నంబరు మాత్రం గంటలోపల ఘట్‌కేసర్ నుంచి సదాశివపేట దాకా అందరికీ తెలుస్తుంది.

"మా గురించి" అన్న పేజీ నాకు చాలా ఇష్టం. చాలాచోట్ల అక్కడ ఇంకా లాటిన్ ఉంటుంది. థీముతోపాటు వచ్చే నకిలీ పేరాలవి, డిజైనరు తీసేసి మన మాటలు రాసుకోవాలి. "లోరెమ్ ఇప్సమ్" అని మొదలవుతుంది. రోమన్ పండితుడు సిసెరో క్రీస్తుపూర్వం 45లో మంచిచెడ్డల పరమార్థం గురించి రాసిన గ్రంథంలోంచి ముక్కలు విరగ్గొట్టి చేసిన పాఠం అది. మనవాళ్లకి తెలియని విశేషం ఒకటుంది. ఆ సిసెరో ఇళ్లూ దుకాణాలూ అద్దెకిచ్చిన ఆసామి. తన దుకాణాలు రెండు కూలిపోయాయని, మిగతావి బీటలు తీశాయని, అద్దెకున్నవాళ్లే కాదు ఎలుకలు సైతం ఖాళీ చేసి వెళ్లిపోయాయని మిత్రుడికి ఉత్తరం రాశాడు. రెండువేల ఏళ్లలో రియల్ ఎస్టేట్ వెబ్‌సైట్ల మీదికెక్కిన నిజాయితీపరుడు ఆయనొక్కడే. ఆయన మాటలే ఎవరికీ అర్థం కాకుండా ఉన్నాయి.

కిందికి జరిగితే గడియారం. "ఆఫర్ ముగియడానికి 23 గంటల 59 నిమిషాలు." సెకన్లు గుండెలు గుభేలుమనేలా పరుగెడుతుంటాయి. పేజీని ఒకసారి రిఫ్రెష్ చేయండి. మళ్లీ 23 గంటల 59 నిమిషాలు! కాలాన్ని జయించిన ఋషులు హిమాలయాల్లో ఉన్నారంటారు, మొయినాబాదులో కూడా ఉన్నారు. పక్కనే "మూడు ప్లాట్లే మిగిలాయి" అని ఎర్రపట్టీ. కిందటి సంక్రాంతికీ మూడే, ఈ సంక్రాంతికీ మూడే. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న వెబ్‌సైట్లు చేసే 13 రకాల టక్కరి పనులకి పేర్లు పెట్టి నిషేధించింది. అందులో మొదటిదే ఇది, లేని తొందర పుట్టించడం. మనవాడు ఆ జాబితా చదివాడో లేదో గానీ, చదివుంటే సిలబస్ అనుకుని ఉంటాడు.

అక్షరాల సోకు గురించి రెండు ముక్కలు. గూగుల్‌లో తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి, మహానుభావుల పేర్లతో. గిడుగు, గురజాడ, పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, చివరికి ఎన్టీఆర్ కూడా. రాజుల్ని ఈసడించిన ధూర్జటి అక్షరాల్లో "రాయల్ ఎన్‌క్లేవ్, ఫేజ్ 2" అని రాసి ఉంటుంది. జనం మాట్లాడే తెలుగు కోసం జీవితమంతా పోరాడిన గిడుగు పేరున్న అక్షరాల్లో "విలాసవంతమైన జీవనశైలి యొక్క అనుభూతిని అనుభవించండి" అని ఉంటుంది. ఇంతింత లావు అక్షరాల మధ్య రెరా నంబరు ఎక్కడుందో వెతకాలంటే భూతద్దం కావాలి. చదవడానికి వీలుగా ఉండాలంటే అక్షరానికీ దాని వెనక రంగుకీ వెలుగులో కనీసం 4.5కి 1 తేడా ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి. మనవాడు లేతబూడిద రంగు మీద ఇంకాస్త లేతబూడిద రంగుతో రాస్తాడు. ప్రకటనలో ఆ నంబరూ, రెరా వెబ్‌సైటు చిరునామా ప్రముఖంగా కనిపించాలని 2016 నాటి రెరా చట్టం, అంటే రియల్ ఎస్టేట్ చట్టం, 11వ సెక్షను అంటుంది. కనిపిస్తూనే ఉంది కదండీ, మీ కళ్లకే ఏదో అయింది! అసలు 500 చదరపు మీటర్లు దాటిన ప్రాజెక్టుని రిజిస్టరు చేయకుండా ప్రకటించడమే కుదరదని అదే చట్టం 3వ సెక్షను అంటుంది. దానికి "ప్రీ లాంచ్" అన్న రెండు మాటలతో తాళం తీయడం ఏ కోర్సులోనూ నేర్పరు. అది రక్తంలో ఉండాలి.

వెబ్‌సైటు చేసే కుర్రాడికీ ఏజెంటుకీ మధ్య మాటలు ఇలా నడుస్తాయని ఊహించుకోవచ్చు.

"అన్నా, థీమ్‌ల డాక్యుమెంట్స్ అని ఒక బటన్ వచ్చింది. దాంట్ల ఏం పెట్టమంటవ్?"

"ఉండనియ్ తమ్మీ. బటన్ ఉంటే పబ్లిక్‌కు నమ్మకం ఉంటది."

"ఒత్తితే ఏం రావాలె?"

"ఏం రావొద్దు. ఊకె తిరుగుతుండాలె."

"లింకు లేదని ఎర్రర్ జూపిస్తదన్నా."

"భూమికే లింకు డాక్యుమెంట్ దొరుకుతలేదు, నీ బటన్‌కు లింకు యాడికెళ్లి తేవాలె?"

ఇదే విద్యని సవ్యంగా నేర్చినవాళ్లూ లేకపోలేదు. ఇంకా కట్టని బిల్డింగు బొమ్మ కింద "ఊహాచిత్రం" అని రాసేవాళ్లు, గది కొలతలు ఫోటో మీదే వేసేవాళ్లు, ఉత్తరం ఎటో బాణం పెట్టేవాళ్లు, కిటికీ అవతలి గొట్టాన్ని గొట్టంలాగే చూపించేవాళ్లు, అనుమతి పత్రాన్ని అక్షరం అక్షరం చదివేంత స్పష్టంగా స్కాన్ చేసి పెట్టేవాళ్లు. వాళ్ల వెబ్‌సైట్లకి ఒక్కటే లోపం. ఎవరూ చూడరు. ఫ్యాను రెక్కలు మూడూ సమానంగా ఉన్న బెడ్రూము చూసి మనం "మరీ ఇరుకు" అని వేలితో పైకి తోసేస్తాం. సాగదీసిన గది దగ్గర ఆగి, ఇంట్లోవాళ్లని పిలిచి మరీ చూపిస్తాం. ఏజెంటు నేర్చుకున్న పాఠాల్లో సగం మన బొటనవేలు నేర్పినవే.

డాలస్‌లో ఉన్న మనవాణ్నే తీసుకోండి. పిల్లలు పడుకున్నాక, అక్కడి రాత్రి, ఇక్కడి పొద్దున, మంచం మీద వాలి ఫోనులో ప్లాటు చూస్తాడు. నారింజ మబ్బు, చదునైన నేల, ఈస్ట్ ఫేసింగ్, కార్నర్ బిట్. గడియారం పరుగెడుతుంటుంది. బ్యాంకులో కోటి ప్రశ్నలు వేసి అకౌంటు తెరిచే మనిషి, ఆఫీసులో ఒక వాక్యం మార్చాలన్నా ఇద్దరి చేత సరిచూపించే మనిషి, ఇక్కడ మాత్రం సర్వే నంబరు అడగడు. వాట్సాప్‌లో "బ్లాక్ చేయండి అన్నా" అని బయానా పంపేస్తాడు.

శ్రావణంలో చెల్లెలి పెళ్లికి వచ్చినప్పుడు సరదాగా ప్లాటు చూసొద్దామని బయల్దేరతాడు. ఆర్చి దాకా కారు వెళుతుంది. ఆర్చి దాటాక పడవ కావాలి. ఏజెంటు గారు తడబడకుండా "లేక్ వ్యూ అయిపోయింది సార్, రేటు ఇంకా పెరుగుద్ది" అంటారు. తప్పుడు ప్రకటన నమ్మి డబ్బు కట్టినవాడికి వడ్డీతో సహా మొత్తం తిరిగి ఇప్పించే 12వ సెక్షను రెరా చట్టంలో ఉంది. మనవాడు దాని గురించి విన్నాడు కూడా. కానీ దానికి ఆ ప్లాటు నీళ్లలో ఉందని నలుగురి ముందూ ఒప్పుకోవాలి. బావమరిది ముందు, తోడల్లుడి ముందు, ఇదే వెంచరులో కొనమని తను సలహా ఇచ్చిన ఫ్రెండు ముందు.

డాలస్ తిరిగి వెళ్లాక ఏజెంటుకి మెసేజ్ పెడతాడు. "రీసేల్‌కి పెట్టేయండి అన్నా. మీ వెబ్‌సైటు బాగా స్లోగా ఉంది, వీకెండ్ కూర్చుని నేనే సరిచేసిస్తా. రిఫ్రెష్ కొడితే టైమర్ మొదటికొస్తోంది, జనం పట్టేస్తారు, అదీ చూస్తా. ఫోటోలు మాత్రం మార్చకండి, మేలో తీసినవే ఉండనివ్వండి."